రాత్రి మాత్ర, పంపరపనస రసం

దలాట్,
జూన్ 4

నాలుగో తమ్ముడు లాన్‌కి,

పెట్టె అందింది. పన్నెండు పంపరపనస కాయలూ దెబ్బ తగలకుండా వచ్చాయి. బస్సు డ్రైవరు సాంగ్ ఎప్పట్లాగే మెట్ల కింద దింపేసి, హారన్ కొట్టేసి పోయాడు. ఈసారి నేను మోయలేదు, పక్కింటి ల్యూ మోసిపెట్టింది. వాన పడుతోందిలే. నలభై ఒక్క మెట్లు ఎక్కి రొప్పుతూ, "మీ తమ్ముడికి చెప్పు, కాయలు పంపేవాడు మోసే మనిషిని కూడా పంపాలని" అంది. చెప్పేశాను.

నా చెవుల సంగతి తెలిసి కూడా ఫోన్ ఎందుకు చేస్తావురా? నువ్వు చెప్పింది ల్యూ నా చెవిలో అరిచి అరిచి, ఇంటికి పోయి గొంతుకి అల్లం నమిలింది. చెప్పేదేదో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టు. ఖాళీ పెట్టెలో నేను జవాబు పెడతాను. ఇన్నేళ్ళూ జరిగింది అలాగేగా.

ఒక చిన్న కబురు. మొన్న రక్తం పరీక్ష చేస్తే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందట. ఇక్కడి లెక్కలో అయిదు దాటకూడదట, నాకు ఏడున్నర. రోజూ రాత్రి భోజనమయ్యాక వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చింది డాక్టరమ్మ. ఒళ్ళు నొప్పులొచ్చినా, ఇంకేదైనా మందు మొదలుపెట్టినా ముందు తనకి చెప్పాలట. ఇప్పుడేమైనా వాడుతున్నారా అంది. లేదన్నాను.

ఆ పిల్ల ఉత్తరాదిది. ల్యూ నన్ను రెండో అక్కా అని పిలవడం విని, "మీరు రెండోవారైతే మొదటివారెవరండీ?" అని అడిగింది. మా దక్షిణాదిలో ఇంటికి పెద్దబిడ్డని రెండో బిడ్డ అంటాం తల్లీ, ఒకటో అంకె దయ్యాల కంట పడకుండా దాచేస్తాం అని చెప్తే పకపకా నవ్వింది.

మన పంచాంగం లెక్కన పదో నెలలో అమ్మ తద్దినానికి వస్తాను. మూడోవాడు పోయాక ఒకే ఒక్కసారి వచ్చాను, సిగ్గుగా ఉంది. మరదలు న్యాన్‌కి ఊదారంగు స్వెట్టర్ అల్లుతున్నాను. మీ ఊళ్ళో చలి లేదని నాకూ తెలుసు, వేసుకోమను.

నీ అక్క
థుయ్


బెన్‌చే,
జూన్ 19

రెండో అక్కకి,

కొలెస్ట్రాలా? ఆ ఒక్క ముక్క చదివి నేను నవ్వానంటే న్యాన్ నన్ను తిట్టింది. ఎందుకు నవ్వానో విను. రక్తంలో కొవ్వుకి పంపరపనసని మించిన మందు లేదని ఈ జిల్లాలో పసిపిల్లలు కూడా చెప్తారు. ఇక్కడ బరువు తగ్గాలన్నా అదే, కొవ్వు కరగాలన్నా అదే. అది పండించేవాడి అక్కకి కొవ్వు పేరుకుందంటే ఊళ్ళో నేను తలెత్తుకోగలనా?

తప్పు నీదే. కాయలు పంపితే సగం మెట్ల పక్కవాళ్ళకి పంచుతావు. ఇకనుంచి పంచొద్దు. పెట్టెలో ఇరవై కాయలు పెట్టాను, అయిపోయేలోపు ఇంకో పెట్టె పంపుతాను. రోజూ సాయంత్రం ఒక కాయ ఒలిచి, పైన తెల్లపొర కూడా కొంచెం ఉంచి, రసం తీసి, ఆ గ్లాసుతోనే మాత్ర మింగు. అదొక పక్క నుంచి, ఇదొక పక్క నుంచి లాగితే కొవ్వు ఎక్కడికి పోతుంది?

మన మూడోవాడు ఖియెమ్ ఒక్క తొన నోట్లో వేసుకునేవాడు కాదు, గుర్తుందా? కాఫీ, సిగరెట్టు, పందిమాంసం పులుసు. యాభైనాలుగేళ్ళకే బుట్ట నెత్తిన పెట్టుకుని తోటలో కూలిపోయాడు. నీకలా కానివ్వను. నేను బతికుండగా కానివ్వను.

తద్దినానికి వస్తానన్నావు, రాసుకున్నాను. ఇంటి ముందు కాలవ దాటడానికి వేసిన కొబ్బరి మొద్దు మారుస్తాను. పాతది పాకుడు పట్టింది.

నీ నాలుగోవాడు
లాన్


దలాట్,
జూలై 23

లాన్‌కి,

నీ నోట్లో పంచదార పొయ్య! మొన్న మళ్ళీ పరీక్ష చేశారు. ఏడున్నర కాస్తా అయిదున్నరకి దిగింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసుకుని, మాత్ర బాగా పనిచేస్తోంది, ఇలాగే వాడండి అంది. నీ రసం సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఇంగ్లీషు మందిచ్చే డాక్టరు ముందు పండు గొప్ప చెప్తే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

రోజూ తాగుతున్నాను. చేదు తగిలినా వదలడం లేదు. ఒలుస్తుంటే చేతులకంటిన ఆ వాసన ఉన్నికి కూడా పట్టింది. నేను అల్లినవి అమ్మే ఉన్ని దుకాణం ఆవిడ స్వెట్టర్ వాసన చూసి, ఇదేంటి అమ్మమ్మా, పళ్ళతోటలో కూచుని అల్లావా అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ ఈ తొక్కలు కాచిన నీళ్ళతో తల కడుక్కునే రోజు మన ఇంట్లో అదే వాసన కదా.

తొడలు కాస్త పట్టేస్తున్నాయి. కొండ ఊరు, మెట్లు, అరవయ్యారేళ్ళు. పట్టక ఏం చేస్తాయి?

థుయ్


బెన్‌చే,
ఆగస్టు 9

అక్కా!

నీ ఉత్తరం సంతలో నిలబడి చదివాను. పైకే చదివాను. చేపల ఆమె చేపలు వదిలేసి వచ్చి విన్నది. మర్నాడు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి బండికి కట్టాను: "రక్తంలో కొవ్వు కరిగించే కాయ. మా అక్కే సాక్ష్యం." నవ్వకు. పొద్దెక్కేసరికి బండి ఖాళీ.

మాత్ర పనిచేసిందట! చేస్తుంది మరి, దాని వెనకాల నా చెట్లు నిలబడ్డాయి కాబట్టి. ఈసారి ఇరవై అయిదు పంపుతున్నాను, ముసలి చెట్టువి. వాటి రసమే చిక్కన.

తొడలకి కొబ్బరినూనె రాసుకో. ఏ రోజు బయల్దేరతావో రాయి, సాంగ్‌తో చెప్పి ముందు సీటు పట్టిస్తాను.

లాన్


దలాట్,
సెప్టెంబరు 12

లాన్‌కి,

తద్దినానికి రావడం కుదిరేలా లేదు. చలికాలం ఆర్డర్లు ఎక్కువొచ్చాయి. అమ్మ పటం ముందు నా పేరు చెప్పి ఒక అగరొత్తి వెలిగించు.

న్యాన్ స్వెట్టర్ ఇంకా కాలేదు.

థుయ్


బెన్‌చే,
సెప్టెంబరు 20

అక్కా,

ఆర్డర్లా? స్వెట్టరు కోసం అమ్మ తద్దినం మానే మనిషివా నువ్వు? ఎవరికి చెప్తున్నావు?

ఉత్తరం న్యాన్‌కి చూపించాను. మాటలు చదవలేదు, అక్షరాలు చూసింది. "వదిన చెయ్యి వణుకుతోంది" అంది. తర్వాత పాత ఉత్తరాలన్నీ తీసి వరసగా పరిచింది. జూన్‌లో మూడు పేజీలు, సెప్టెంబరులో నాలుగు వాక్యాలు. ఇంతకాలం నేను గమనించనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నీకు చిన్నప్పట్నుంచీ ఇదే రోగం. చెయ్యి విరిగితే గాజు పగిలిందని ఏడ్చావు. ఇంటికి పెద్దదానివి, ఒకటో అంకె దాచుకున్నదానివి, మాట కూడా రెండో దాంతోనే మొదలుపెడతావు. ఒకటో మాట ఏది? అది రాయి. రాయకపోతే సాంగ్ బస్సెక్కి వచ్చి, నీ నలభై ఒక్క మెట్ల మీద కూచుని ఊరంతా వినేలా అరుస్తాను. నీకు వినపడకపోయినా ల్యూకి వినపడుతుంది.

కోపంగా రాశాను. భయమేసి రాశాను.

లాన్


దలాట్,
సెప్టెంబరు 28

తమ్ముడూ,

సరే, ఒకటో మాట. మే నెలలో ఉన్ని దుకాణంలో గుండెల్లో పట్టేసి పడిపోయాను. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఈసారికి గండం గడిచింది, మళ్ళీ రాకూడదంటే కొవ్వు తగ్గాల్సిందే అన్నారు. ఆ మాత్ర అందుకే ఇచ్చారు. ఖియెమ్‌ని తలుచుకుని నువ్వు హడలిపోతావని దాచాను.

ఇంకోటి. నా కాళ్ళు నా మాట వినడం లేదు. తొడలు, భుజాలు ఎవరో రోకలితో దంచినట్టున్నాయి. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మెట్లు దిగి పది రోజులైంది. సూదులు పట్టుకుంటే వేళ్ళు జారిపోతున్నాయి. నీ కొబ్బరి మొద్దు మీద కాలవ ఎలా దాటనురా? పడిపోతాను. అందుకే రానన్నాను.

ఇదంతా మాత్ర వల్లేనని ల్యూ అంటోంది. వాళ్ళ పెదనాన్న కూడా ఇలాగే అని మానేశాడట. మానేస్తే గుండె ఆగుతుందేమోనని భయం. వేసుకుంటే కాళ్ళు పోతాయేమోనని భయం. రోజూ సాయంత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూచుంటున్నాను. ఆఖరికి నీ రసంతో మింగేస్తున్నాను. నువ్వు పంపినది లోపలికి పోతే ధైర్యంగా ఉంటుంది.

మూడు రోజులుగా మూత్రం నల్ల కాఫీలా వస్తోంది. ఈ కొండల్లో పండే ఆర్టిచోక్ పువ్వుల టీ ఎక్కువ తాగానేమో. డాక్టరమ్మ దగ్గరికి పోవాలంటే మెట్లు దిగాలి.

మాత్రల అట్ట ఒకటి ఇందులో పెట్టాను. మీ ఊరి మందుల షాపులో చదువుకున్న పిల్ల ఉందన్నావుగా, అడిగి చూడు. తొందరేం లేదు.

నీ అక్క


బెన్‌చే,
సెప్టెంబరు 30

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందే ల్యూకి ఫోన్ చేశాను. ఆమె అరిచింది నీకు వినపడే ఉంటుంది. అయినా రాస్తున్నాను. రాయకపోతే నాకు ఊపిరాడదు.

నీ కాగితం చదివి, అట్ట జేబులో పెట్టుకుని పరిగెత్తాను. షాపులో క్వెన్ ఉంది. ఊరికే అడగడం మర్యాద కాదని చేతిలో ఒక కాయ పట్టుకెళ్ళి గల్లా మీద పెట్టాను. అట్ట ఇచ్చాను. ఆ పిల్ల అట్ట చూసింది, కాయ చూసింది, మళ్ళీ అట్ట చూసింది.

"ఈ మాత్ర ఎవరికి, నాలుగో బాబాయ్?"

"మా అక్కకి."

"ఆవిడ కూడా ఈ కాయలు తింటుందా?"

"తినడమేంటమ్మా, రోజుకొకటి! మాత్ర మింగేదే ఈ రసంతో" అన్నాను. గొప్పగా అన్నానక్కా. ఛాతీ విరుచుకుని మరీ అన్నాను.

క్వెన్ కాయని పక్కకి నెట్టింది. కాళ్ళ నొప్పులున్నాయా, మూత్రం రంగు మారిందా అని అడిగింది. నీ ఉత్తరమే చేతికిచ్చాను. చదివి ఇలా చెప్పింది: "ఈ మాత్ర ఒంట్లో కొంత అరిగిపోయి, కొంతే రక్తంలోకి వెళ్ళాలి బాబాయ్. డాక్టర్లు ఆ లెక్కనే ఇస్తారు. ఈ జాతి కాయల రసం ఆ అరగడాన్ని అడ్డుకుంటుంది. ఒకటి మింగితే కొన్ని మింగినట్టు. మందు ఒంట్లో పేరుకుంటే కండలు దెబ్బతింటాయి. ఆ నల్లరంగు టీది కాదు, కండలదయ్యుంటుంది. అది మూత్రపిండాలకి చేటు. రేపు కాదు, ఇవాళే ఆస్పత్రికి పంపండి. ఈ పూట మాత్ర వేసుకోవద్దనండి, అట్ట మాత్రం పట్టుకెళ్ళమనండి. రసం సంగతి డాక్టరుకి మొట్టమొదట చెప్పాలి."

నేనన్నాను, "డాక్టరమ్మ అడిగిందట, ఇంకేం మందులు వాడుతున్నావని. లేదందట."

"పండు ఎవరికి గుర్తొస్తుంది బాబాయ్?" అంది.

నాకు గుర్తుండాల్సింది. మందు, మందు అని డప్పు కొట్టింది నేను. నువ్వేమో దాన్ని తమ్ముడు పంపిన పండు అనుకున్నావు. నీ గుండెని కాపాడతానని నీ కాళ్ళు తీశాను, ఈ చేతుల్తో పెట్టె కట్టి. బండికున్న అట్ట చింపేశాను. ఇంటికొచ్చి గొడ్డలి తీసుకుని ముసలి చెట్టు దగ్గరికి వెళ్ళాను. న్యాన్ గొడ్డలి కర్ర పట్టుకుని వదల్లేదు. "చెట్టు ఉత్తరం రాసిందా, నువ్వు రాశావా?" అంది.

సాంగ్ బస్సు దగ్గర నిలబడి ఇది ముగిస్తున్నాను. నీ మెట్ల కింద బస్సు ఆపి, ఇద్దర్ని పిలిచి కుర్చీలో కూచోబెట్టైనా దింపమని చెప్పాను. సిగ్గుపడకు. దిగు.

నన్ను తిట్టడానికైనా బతుకక్కా.

లాన్


దలాట్, ఆస్పత్రి నుంచి,
అక్టోబరు 8

తమ్ముడూ,

ఒకటో మాట ముందు: బతికే ఉన్నాను. మూత్రపిండాలు బాగున్నాయి.

ల్యూ అరుపుకి వీధంతా వచ్చింది. సాంగ్ బస్సు రాకముందే కూరగాయల బండివాడూ, ల్యూ కొడుకూ కలిసి నన్ను వెదురు కుర్చీలో కట్టి దింపారు, పెళ్ళికూతురిని దింపినట్టు. అయిదు రోజులు సెలైన్ ఎక్కించారు. కాఫీ రంగు టీ రంగైంది, టీ రంగు నీళ్ళ రంగైంది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే వేరే మాట రాయాల్సొచ్చేదని డాక్టరమ్మ అంది.

గుమ్మంలోనే చెప్పాను, "అమ్మా, రోజూ పంపరపనస రసంతో మింగానమ్మా" అని. ఆ పిల్ల తల పట్టుకుంది. తర్వాత నా పక్కన కూచుని, "తప్పు నాది కూడా. మందులేనా అని అడిగాను, ఏం తింటారు, ఏం తాగుతారు అని అడగాల్సింది. ఆ కాయల ఊరి మనిషని నాకు తెలియలేదు" అంది. నా చేతికున్న సెలైన్ సూది సరిచేసి, కాసేపు ఆ చెయ్యి పట్టుకుంది.

ఇక మాత్ర వద్దమ్మా అన్నాను. వినలేదు. "మీ గుండెకి ఆ మాత్ర లాంటిది కావాలి. మానడం కాదు, మార్చడం" అంది. కండలు కోలుకున్నాక, రక్తం మళ్ళీ చూసి, వేరే రకం మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెడుతుందట. దానికి ఈ రసంతో పెద్దగా పేచీ లేదట. అయినా తనని అడక్కుండా టీతో సహా ఏదీ మొదలుపెట్టొద్దంది. ఒంట్లో నొప్పొస్తే ల్యూ పెదనాన్న కథ వినకుండా తన దగ్గరికి రమ్మంది. ల్యూ కూడా అక్కడే ఉంది, కిటికీలోంచి బయటికి చూసింది.

చెట్టు మీద గొడ్డలి పెడితే నా ఒట్టే. అమ్మ నాటిన చెట్టది. నువ్వు ప్రేమతో పంపావు, నేను ప్రేమతో తాగాను, ఇద్దరం అడగాల్సినవాళ్ళని అడగలేదు. అంతేరా. నా మీద కోపమున్నా చెప్పు, నీ మీద నాకు లేదు.

ఒకటి అడుగుతాను. అట్ట చూడగానే క్వెన్ అంత త్వరగా పట్టేసింది, మరి నువ్వు ఆ మాత్ర ఏమిటని ఆమెని అడిగినట్టే రాయలేదు. దాన్ని ముందెక్కడైనా చూశావా? నేను రెండోదాన్ని, ఒకటే దాచాను. నువ్వు నాలుగోవాడివి. నీ దగ్గర ఎన్ని మాటలు దాగున్నాయో!

థుయ్


బెన్‌చే,
నవంబరు 3

అక్కా,

పట్టేశావు. రాస్తున్నాను.

రెండేళ్ళ కింద మా ఊరి ఆరోగ్య కేంద్రంలో నాకూ పరీక్ష చేశారు. నీకిచ్చిన మాత్రే నాకూ ఇచ్చారు. ఒక్కటీ మింగలేదు. బిస్కెట్ల డబ్బాలో వేసి అమ్మ పటం వెనకాల పెట్టాను. పంపరపనసలు పండించేవాడు కొవ్వుకి మాత్ర మింగుతున్నాడని తెలిస్తే సంతలో నా కాయ ఎవడు కొంటాడు? నేను రోజుకి రెండు కాయలు తింటున్నాను, నాకేం అవుతుందిలే అనుకున్నాను. పైగా నీకు బోధలు.

నీ ఉత్తరం వచ్చిన రోజే న్యాన్ ముందు డబ్బా తెరిచాను. తిడుతుందనుకున్నాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు చెయ్యి పట్టుకుని జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నాది ఎనిమిది. నీకన్నా ఎక్కువ. ఇన్ని కాయలు తిన్నా ఎనిమిది! డాక్టరుకి నా పని ఏమిటో, రోజూ ఏం తింటానో అన్నీ ముందే చెప్పాను. ఆయన కాలేయం పరీక్ష కూడా చేయించి, నీకు మారుస్తానన్న రకమే రాశాడు. పాత డబ్బా క్వెన్‌కి ఇచ్చేశాను, అవి ఎవరూ మింగకుండా పారేస్తానంది.

సంతలో బండికి కొత్త అట్ట కట్టాను: "తియ్యటి కాయ. మాత్రలు వాడేవాళ్ళు ముందు మందుల షాపులో అడగండి." చేపల ఆమె, "నీ కాయ నువ్వే పాడు చేసుకుంటున్నావేంటి నాలుగోవాడా?" అంది. మా అక్కని పాడు చేసుకోలేదు, చాలు అన్నాను. బండి మెల్లగా ఖాళీ అవుతోంది. అవనీ.

కాలవ మీద కొబ్బరి మొద్దు తీసేశాను. రెండు మొద్దులు పక్కపక్కన వేసి, పైన పలకలు కొట్టి, రెండువైపులా వెదురు కట్టాను. నువ్వు నెమ్మదిగా నడిస్తే చాలు, తద్దినానికి ఇంకా మూడు వారాలుంది. డాక్టరమ్మ పొమ్మంటేనే రా. వద్దంటే అమ్మ పటం పట్టుకుని మేమే వస్తాం.

ఈసారి పెట్టెలో కాయలు లేవు. నీ కాళ్ళకి రెండు జతల మెత్తటి చెప్పులు, ల్యూ గొంతుకి అల్లం. ముసలి చెట్టు నుంచి రెండు ఆకులు కోసి పెట్టాను, వాసన చూడు. వాసనకి పేచీ లేదు కదా అని క్వెన్‌ని అడిగే పెట్టాను.

భోజనమైంది. న్యాన్ ఎదురుగా నిలబడి చూస్తుండగా మాత్ర వేసుకున్నాను. మంచినీళ్ళతో.

నీ తమ్ముడు
లాన్